చెట్లు మిగిలిన ఊరు

2018 నవంబరు 7 దీపావళి. ఆ రాత్రి మా సరూర్‌నగర్ కాలనీలో ఎవరో వదిలిన రాకెట్టు ఒకటి దారి తప్పి, ఎదురింటి మూడో అంతస్తు బాల్కనీలో ఆరేసిన దుప్పటి మీద పడింది. దుప్పటికి అరచేతంత బొక్క పడింది. ఆ ఇంటావిడ కింద ఉన్న పిల్లల్ని నాలుగు తిట్టి, చెంబుడు నీళ్లు గుమ్మరించి లోపలికి వెళ్లిపోయింది. సిమెంటు ఇల్లు, ఇనప గ్రిల్లు, మొజాయిక్ నేల. ఇంకేం అంటుకుంటుంది?

మర్నాడు కార్తీకం మొదలు. సాయంత్రం గుమ్మాల ముందు పెట్టిన దీపాల్లో చమురు అడుగంటే వేళకు, రాత్రి ఎనిమిదింటికి, అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉదయం ఆరున్నర అయింది. అక్కడ ఫెదర్ నది లోయలో, పుల్గా అనే చిన్న పల్లె పైన, ఒక కరెంటు టవర్ కింద ఎండుగడ్డి అంటుకుంది. మనం భోజనాలు ముగించి పడుకునే లోపు ఆ మంట ఒక ఊళ్లోకి దిగింది. మనకు తెల్లవారే సరికి ఆ ఊరు లేదు.

ఊరి పేరు పారడైజ్. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో నిలబడి పారడైజ్ అంటే ఆటోవాడు సికింద్రాబాద్ చౌరస్తా అనుకుంటాడు, తినేవాడు బిర్యానీ అనుకుంటాడు. ఈ పారడైజ్ వేరు. సియెర్రా నెవాడా పర్వతాల పాదాల దగ్గర, రెండు లోతైన లోయల మధ్య వేలిలా ముందుకు పొడుచుకొచ్చిన గుట్ట మీద, పైన్ చెట్ల నీడలో ఉండేది. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తు, అంటే మన తిరుమలకన్నా తక్కువే. 2010 జనాభా లెక్కల్లో 26,218 మంది.

ఆ గుట్టలు మొదట కొంకౌ మైదూ తెగ వాళ్లవి. వాళ్లు ఏటా అదను చూసి చిన్న చిన్న మంటలు పెట్టేవాళ్లు. పొదలు పెరగకుండా, ఓక్ చెట్ల గింజలు ఏరుకోవడానికి వీలుగా, బుట్టలల్లే చువ్వలు లేతగా చిగురించేలా నేలను కాల్చేవాళ్లు. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడ్డాక గుంపులు గుంపులుగా జనం వచ్చిపడ్డారు. 1859లో ఊరికి కొంచెం పైన, డాగ్‌టౌన్ అనే చోట, 54 పౌండ్ల బంగారు ముద్ద దొరికింది. అంటే ఇంచుమించు పాతిక కిలోలు. ఆ ముద్ద పేరుతో పారడైజ్ వాళ్లు ఏటా ఉత్సవం చేసుకునేవాళ్లు, ఒక మ్యూజియం కూడా పెట్టుకున్నారు. ఊరి పేరుకు ఒక పిట్టకథ ఉంది. పాచికల జతను ఇంగ్లీషులో అనే మాటే పారడైజ్‌గా మారిందని, అక్కడో జూదపు సారాకొట్టు ఉండేదని చెప్పుకుంటారు. చరిత్రకారులు నమ్మరు. నాకైతే నమ్మబుద్ధేస్తుంది.

బంగారం అయిపోయాక కలప వచ్చింది. 1900ల తొలి ఏళ్లలో డైమండ్ మ్యాచ్ కంపెనీ, అగ్గిపెట్టెల కంపెనీయే, పైనున్న అడవిలోంచి దుంగలు దింపడానికి ఈ గుట్ట మీదుగా రైలు మార్గం వేసింది. తర్వాత ఆపిల్ తోటలు, 1916లో తోటల కోసం నీటి సంస్థ, ఆ తర్వాత రిటైరైన వాళ్ల ఇళ్లు. మైదానంలో, శాన్‌ఫ్రాన్సిస్కో వైపు, ఇల్లు కొనలేని మామూలు జీతగాళ్లు, పెన్షన్ మీద బతికే ముసలివాళ్లు ఇక్కడికి చేరారు. చవక, చల్లన, చెట్లు. 1979లో మునిసిపాలిటీ అయింది. భూగర్భ డ్రైనేజీ లేదు, ఎవరి సెప్టిక్ ట్యాంకు వాళ్లదే. నలుగురిలో ఒకరు 65 దాటినవాళ్లు. చాలామందివి చక్రాల మీద తెచ్చి నిలబెట్టిన రేకు ఇళ్లు.

మంట పుట్టిన చోటికి వద్దాం. పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ వాళ్ల కారిబూ–పలెర్మో లైను 1921 నాటిది. టవర్ చేతి నుంచి తీగను వేలాడదీసే ఇనప కొక్కెం ఒకటి, దాదాపు నూరేళ్లు గాలికి ఊగి ఊగి, తగిలించిన చోట సన్నగా అరిగిపోయింది. బావి గిలక కొక్కెం ఎలా అరుగుతుందో చూసిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఆ ఉదయం అది తెగింది. లక్షా పదిహేను వేల వోల్టుల తీగ టవరుకు కొట్టుకుని మెరిసింది, కరిగిన లోహం చుక్కలు చుక్కలుగా గడ్డి మీద రాలింది. 2020 జూన్‌లో ఆ కంపెనీ 84 మంది చావుకు తానే కారణమని కోర్టులో నేరం ఒప్పుకుంది. అప్పటికే, 2019 జనవరిలో, దివాలా పిటిషన్ వేసుకుని ఉంది.

దగ్గరి రోడ్డు పేరు క్యాంప్ క్రీక్ రోడ్డు కాబట్టి మంటకు క్యాంప్ ఫైర్ అని పేరు పెట్టారు. పిక్నిక్‌లో వేసుకునే చలిమంట అని పొరపాటు పడేరు.

ఒక నిప్పుచుక్కకు ఊరిని మింగే శక్తి ఎక్కడ నుంచి వచ్చింది? గాలి నుంచి. ఈ గాలి సంగతి కాస్త నింపాదిగా చెప్పుకోవాలి. శరదృతువులో అమెరికా లోపలి ఎడారి పీఠభూమి మీద చల్లటి, బరువైన గాలి పేరుకుంటుంది. పర్వతాలకు ఇటువైపు, తీరంలో, గాలి ఒత్తిడి తక్కువ. దాంతో ఆ గాలి కొండ కనుమలు దొరికిన చోటల్లా కిందికి దూకుతుంది. కిందికి దిగే గాలి నలుగుతుంది. నలిగిన గాలి వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టేటప్పుడు కింద గొట్టం కాలడం లాంటిదే ఇది. కిలోమీటరు దిగితే సుమారు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. వేడి పెరిగి తేమ మాత్రం అంతే ఉంటే, ఆ గాలి దాహంతో ఉన్నట్టే లెక్క. ఆకులో, గడ్డిలో, చెక్కలో ఉన్న తడిని పీల్చేస్తుంది. ఫెదర్ నది లోయలో జార్బో గ్యాప్ అనే కనుమ దగ్గర ఆ తెల్లవారుజామున గాలి విసుర్లు గంటకు 80 కిలోమీటర్లు దాటాయి. అప్పటికి మే నుంచి చెప్పుకోదగ్గ వాన లేదు. అంతకుముందు 2012 నుంచి 2016 దాకా ఘోరమైన కరువు. అగ్గిపుల్ల గీయడమే తరువాయి అన్నట్టుంది అడవి.

అయినా అడవి కాలడం వేరు, ఊరు కాలడం వేరు. చాలామంది ఊహించుకునేది ఇలా ఉంటుంది. తాటిచెట్టంత మంట గోడలా వస్తుంది, అడవిని మింగుతుంది, ఊరిని తాకుతుంది, ఇళ్లను మింగుతుంది. సినిమాలు నేర్పిన దృశ్యం అది. పారడైజ్‌లో జరిగింది అది కాదు. పెద్దమంట ఊరికి చేరకముందే, ఎనిమిది గంటల ప్రాంతంలోనే, ఊరి నడిబొడ్డున పది చోట్ల, ఇరవై చోట్ల చిన్న మంటలు లేచాయి. మంట కంటే ముందు వచ్చినవి రవ్వలు.

ఇది నాకు శాస్త్రవేత్తల కాగితాలకన్నా ముందు మా అమ్మ చెప్పింది, పారడైజ్ పేరు ఆవిడ ఎన్నడూ వినకపోయినా. మా అమ్మది నల్గొండ వైపు పల్లె. ఆ మాటకొస్తే సరూర్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురాల్లో సగం మంది విజయవాడ రోడ్డు పట్టుకుని వచ్చినవాళ్లే. ఆవిడ చిన్నప్పుడు ఊళ్లో చాలావరకు తాటికమ్మల గుడిసెలు. ఎండాకాలం మధ్యాహ్నం ఎవరి పొయ్యిలోంచో ఒక రవ్వ లేచి కప్పుకు అంటుకునేది. అప్పుడు మగవాళ్లు తడిపిన గోనెసంచులు భుజాన వేసుకుని పరిగెత్తేవాళ్లు. కాలుతున్న ఇంటి దగ్గరికి కాదట. ఆ ఇల్లు ఎట్లాగూ పోయినట్టే. గాలివాటున ఉన్న ఇళ్ల మీదికి ఎక్కేవాళ్లు, ఒక్కో కప్పు మీద ఇద్దరేసి. పైనుంచి ఎగిరొచ్చే కమ్మల రవ్వల్ని పడ్డవి పడ్డట్టు గోనెతో కొట్టి ఆర్పేవాళ్లు. ఆడవాళ్లు బావి నుంచి బిందెలు అందించేవాళ్లు. ఏ కప్పు మీదా మనిషి లేకపోతే ఆ కప్పు పోయేది, దాని గాలివాటున ఉన్న ఇంకోటి పోయేది. వాడ మొత్తం గంటలో బూడిద. అడవి ఊసే లేదు. ఇల్లే ఇంటిని కాల్చింది.

పారడైజ్‌లో పడ్డ రవ్వలు పైన్ బెరడు ముక్కలు, కాలుతున్న చిన్న కొమ్మలు, తర్వాత్తర్వాత ఇళ్ల చెక్క ముక్కలే. వేడి గాలి వాటిని పైకి లేపుతుంది, కొండగాలి అడ్డంగా తోస్తుంది. కిలోమీటర్ల దూరం వెళ్లి కూడా ఎర్రగానే దిగుతాయి. వేలూ లక్షలూ దిగుతాయి, వాటిలో అంటించేవి ఏ కొన్నో. అంటించాలంటే రవ్వకు మెత్తటి పరుపు కావాలి. కప్పు అంచున వాన నీటి కాలువలో పేరుకున్న ఎండు పైన్ సూదులు. గోడకు ఆనించి పేర్చిన కట్టెలు. చెక్క మెట్ల కింద దూరిన ఆకులు. అటక మీదికి గాలి ఆడేందుకు పెట్టిన కిటికీ జాలీ. జాలీ కన్నాలు పెద్దవైతే రవ్వ లోపలికే వెళ్లి కూర్చుంటుంది, ఇల్లు లోపల నుంచి కాలుతుంది. బయట నుంచి చూసేవాడికి గోడలు బాగానే ఉంటాయి, అరగంటలో కప్పు కూలుతుంది.

అమెరికా అటవీ శాఖలో పనిచేసిన జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త ఈ విషయం మీద దశాబ్దాలు పట్టు పట్టాడు. 1990ల చివర్లో కెనడా ఉత్తరాదిన ఒక ప్రయోగం జరిగింది. పైన్ అడవిని ఏకంగా చిటారుకొమ్మల దాకా మండేలా అంటించి, ఎదురుగా వేర్వేరు దూరాల్లో చెక్కగోడలు నిలబెట్టి చూశారు. మంట చూసేవాళ్లకు గుండె ఆగేలా ఉంది. కానీ 30 మీటర్ల దూరంలో ఉన్న గోడలు అంటుకోలేదు. ఎందుకంటే అడవి మంట ఒక చోట నిలవదు. ఒక చెట్టు పైభాగం నిమిషం, నిమిషంన్నర మండి చల్లారుతుంది. అంత తక్కువ సేపటిలో దూరంగా ఉన్న చెక్క అంటుకునేంత వేడెక్కదు. ఇల్లు అలా కాదు. ఇల్లు అంటుకుంటే గంటల తరబడి మండుతుంది, పక్కింటి గోడను తీరిగ్గా కాలుస్తుంది. కోహెన్ మాట సారాంశం ఇంతే. ఇల్లు మిగలడం, పోవడం అడవిలో తేలేది కాదు, ఇంటి చుట్టూ ఉన్న 30 మీటర్లలో తేలుతుంది. మా అమ్మ వాళ్ల ఊళ్లో ఇదే లెక్కను గోనెసంచులతో చేశారు.

ఈ మాటకు పారడైజ్ ఫొటోలే సాక్ష్యం. మంట ఆరాక పైనుంచి తీసిన ఫొటోల్లో వీధి వీధంతా బూడిద చతురస్రాలు కనిపిస్తాయి. ఒక్కో చతురస్రం ఒక్కో ఇల్లు. ఇటుక పొగగొట్టం ఒక్కటే నిలబడి ఉంటుంది, ఇనప మంచం వంగిపోయి ఉంటుంది, కారు చక్రాల అల్యూమినియం కరిగి వాలులోకి పారి గడ్డకట్టి ఉంటుంది. ఆ చతురస్రాల మధ్య పైన్ చెట్లు ఉన్నాయి. పచ్చగా. కొన్నింటికి ఇంటివైపు మాత్రం కొమ్మలు కమిలి, అవతలివైపు ఆకు వాడకుండా ఉంది. అంటే చెట్టు ఇంటిని కాల్చలేదు, ఇల్లే చెట్టును కాల్చబోయింది. నేను ఆ ఫొటో ఒకటి ఫోన్లో పెట్టుకుని కొన్నాళ్లు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపించాను. చాలామంది మొదట అన్నమాట ఒకటే: "ఇదేంటి, చెట్లు కాలలేదే?"

తర్వాత పరిశోధకులు కాలిన ఇళ్లనూ మిగిలిన ఇళ్లనూ లెక్కగట్టారు. 1997కు ముందు కట్టిన ఇళ్లలో మిగిలినవి నూటికి పదకొండు, పన్నెండు. ఆ తర్వాత కట్టిన వాటిలో నూటికి 38, 39. కొత్త ఇళ్లలో కప్పు, జాలీ, కిటికీ అద్దాలు మెరుగు. కానీ కొత్త ఇల్లయినా, పక్కన 18 మీటర్లలోపు ఇంకో ఇల్లు కాలి ఉంటే దానికి ముప్పు ఎక్కువేనని తేలింది. పొరుగు మంచిదైతేనే మన ఇల్లు నిలిచేది.

ఇక జనం. పారడైజ్ నుంచి మైదానంలోకి దిగడానికి ముఖ్యమైన రోడ్లు నాలుగు. స్కైవే, క్లార్క్, పెంట్జ్, నీల్. ఊరి ఆకారమే వేలిలా ఉంటే రోడ్లు ఇంకెలా ఉంటాయి, అన్నీ ఒకే వైపుకు. 2008లో ఇంకో మంట వచ్చినప్పుడు ఈ రోడ్ల మీదే జనం ఇరుక్కుపోయారు. అప్పుడు బుద్ధి తెచ్చుకుని ఊరిని జోన్లుగా విడగొట్టారు. మంట ఎటు నుంచి వస్తే ఆ వైపు జోన్లు ముందు కదలాలి, మిగతావాళ్లు ఆగాలి అన్నది లెక్క. కాగితం మీద మంచి ప్లానే. కానీ అది మంట ఒక అంచున మొదలై మెల్లగా వస్తుందన్న నమ్మకం మీద కట్టిన ప్లాను. రవ్వలు ఊరంతా ఒకేసారి పడితే ఏ జోన్ ముందు? ఎనిమిది దాటాక తూర్పు వైపు జోన్లకు కదలమని ఆర్డర్ వచ్చింది. కాసేపటికే అందరూ రోడ్డు మీద ఉన్నారు. ఫోన్ హెచ్చరికలు అందరికీ చేరలేదు, సెల్ టవర్లు కాలిపోయాయి. స్కైవే మీద రెండు వైపులా కార్లను ఒకే దిక్కుకు, కిందికి, వదిలారు. అదే వేలమంది ప్రాణాలు కాపాడింది. పొగకు పొద్దున పదింటికే అర్ధరాత్రి చీకటి. టైర్లు కరుగుతుంటే కార్లు వదిలి నడిచినవాళ్లున్నారు.

చనిపోయినవాళ్లు 85 మంది, కంపెనీ కోర్టులో ఒప్పుకున్నది అందులో 84. ఎక్కువమంది 65 దాటినవాళ్లు, చాలామంది ఇళ్లలోనే. కారు నడపలేనివాళ్లు, ఫోన్ చూసుకోనివాళ్లు, పిలిస్తే వినపడనివాళ్లు. కాలిన కట్టడాలు మొత్తం 18,804. కాలిన నేల లక్షా 53 వేల ఎకరాలు. నవంబరు 25కు గానీ మంట పూర్తిగా అదుపులోకి రాలేదు, అదీ వాన పడితే. 1886లో కట్టిన హనీ రన్ చెక్క వంతెన పోయింది. బంగారు ముద్ద జ్ఞాపకంగా పెట్టుకున్న మ్యూజియం పోయింది. ఊరి చరిత్ర అంతా దాచిపెట్టిన ఇల్లే లేకుండా పోయింది.

ఆ పొగ దక్షిణంగా 200 కిలోమీటర్లకు పైగా కొట్టుకొచ్చి శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల రెండు వారాలు కూర్చుంది. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్‌హోసేల్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో సరూర్‌నగర్‌లో ఏ ఇంటి తలుపు తట్టినా తెలుస్తుంది. నవంబరు 16న స్కూళ్లు మూసేశారు. ఆ వారం మా కాలనీ నుంచి అమెరికాకు వెళ్లిన వీడియో కాల్స్‌లో అటుపక్క పిల్లలు మాస్కులు పెట్టుకుని కనిపించారు. మాస్కు అంటే అప్పటికి మనకు వింత.

మంట ఆరాక ఎవరూ అనుకోని ఇంకో సమస్య వచ్చింది. మిగిలిన ఇళ్లలో కుళాయి తిప్పితే నీళ్లు వచ్చాయి, కానీ తాగడానికి పనికిరాలేదు. అందులో బెంజీన్ ఉంది, పెట్రోలులో ఉండే క్యాన్సర్ కారక రసాయనం. కాలిఫోర్నియా అనుమతించే పరిమితికి వందల రెట్లు కొన్ని చోట్ల. అంతకు ఏడాది ముందు శాంతా రోసాలో మంటల తర్వాత మొదటిసారి ఈ సంగతి బయటపడింది. వేల ఇళ్లు ఒకేసారి కాలితే ప్రతి ఇంటి పైపూ తెగి నీళ్లు వదిలేస్తుంది. నీటి ఒత్తిడి పడిపోతుంది. కొన్ని చోట్ల పైపు నీటిని పంపడం మాని బయటి పొగను లోపలికి పీలుస్తుంది. పైగా ప్లాస్టిక్ పైపులు వేడికి కాగి, కరిగి రసాయనాలు వదులుతాయి. ఆ విషం మిగిలిన ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయి రోజుల తరబడి మెల్లగా ఊరుతుంది. కాసేపు నీళ్లు వదిలేసి కడిగితే పోదు. మన సరూర్‌నగర్ వాళ్లకు దీని తిరగేసిన రూపం తెలుసు. 2020 అక్టోబరు వానకు చెరువు పొంగి కోదండరాం నగర్‌లో ఇళ్లు మునిగినప్పుడు, ముందు కావలసి వచ్చింది మంచినీళ్లే.

ఈ పాటికి మీకు ఒక సందేహం వచ్చి ఉండాలి. మన నల్లమల ఏటా కాలుతుంది కదా, మన ఊళ్లెందుకు కాలవు?

మన భాషలో దీనికి పాత మాట ఉంది, కార్చిచ్చు. కారు అంటే ఇక్కడ నలుపు కాదు, అడవి. కారెనుము అంటే అడవిగేదె అయినట్టే, కార్చిచ్చు అంటే అడవిమంట. మాట పాతదంటే అనుభవం పాతదనే కదా. మాఘం వెళ్లేసరికి అమ్రాబాద్ అడవిలో టేకు, నల్లమద్ది, తునికి చెట్లు ఆకు రాలుస్తాయి. ఫాల్గుణానికి నేలంతా చీలమండ లోతు ఎండాకు. అందులో నిప్పు పడుతుంది. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు చెట్టు కింద శుభ్రం కోసం ఆకు తగలబెడతారు. తునికాకు లేతగా రావాలని కొందరు, పశువులకు పచ్చగడ్డి మొలవాలని కొందరు పెడతారు. బీడీ ముక్కలు సరేసరి. ఈ మంట నేల మీద పాకుతుంది, మోకాలెత్తు, ఎక్కువలో ఎక్కువ నడుమెత్తు. పైన కొమ్మలకు ఆకే లేదు, ఎక్కి మండడానికి నిచ్చెన లేదు. టేకు ఆకులో పైన్ చెట్టుకున్నట్టు జిగురు లేదు. ఫిబ్రవరి, మార్చిల్లో కొండ నుంచి దూకే గాలి ఉండదు. చీపురుకట్టలా పచ్చి రెమ్మలు పట్టుకుని నలుగురు ఫైర్ వాచర్లు కొట్టి ఆర్పగలిగే మంట ఇది. ముందే ఆకు ఊడ్చి ఫైర్ లైన్లు గీస్తే అక్కడ ఆగిపోతుంది. ఇప్పుడు ఉపగ్రహాలు కూడా కనిపెడుతున్నాయి. 375 మీటర్ల గడిలో వేడి పెరిగితే పసిగట్టి, డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ కింది స్థాయి సిబ్బంది ఫోనుకు సందేశం పంపుతుంది. ఉపగ్రహాల సమాచారం అందుకునే పెద్ద కేంద్రం ఒకటి మన షాద్‌నగర్‌లోనే ఉంది.

అలాగని మన కొండల మీద నిప్పు మెత్తనిది అనుకోకూడదు. పారడైజ్ కాలిన ఏడాదే, 2018 మార్చి 11న, తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు ఎండుగడ్డి వాలులో మంటలో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. వాలు మీద మంట పైకి పరిగెడుతుంది. తన పైనున్న గడ్డిని తానే ముందుగా వేడి చేసుకుంటుంది. మనిషి కొండ ఎక్కే వేగం దానికి సరిపోదు. 2014 మార్చిలో శేషాచలం అంటుకుని మంటలు తిరుమల వైపు వచ్చినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు తెచ్చి నీళ్లు పోశారు. కొండ మీద ఉన్న వేలమంది భక్తులు ఆకాశంలో పొగ చూశారు. తిరుమల కాలలేదు. ఆర్పినవాళ్ల కష్టం ఒక కారణం. ఇంకోటి నా లెక్కలో ఇది: రవ్వ వచ్చి పడినా అక్కడ పడేది సిమెంటు స్లాబు మీద, రాతి మండపం మీద, తారు రోడ్డు మీద. ఎదురింటి బాల్కనీలో దుప్పటికి బొక్క పడినట్టు ఏదో ఒకటి కమిలేది, అంతే.

అంటే పారడైజ్‌కు మన దగ్గర పోలిక నల్లమలలో వెతికితే దొరకదు, తాటికమ్మల వాడలో దొరుకుతుంది. అమెరికా ఇల్లు ఎంత నాజూకుగా రంగు వేసుకున్నా లోపల చెక్క చట్రం, చెక్క కప్పు, చెక్క కంచె. ఎండిపోయిన చెక్కలతో నిండిన వీధులకు ఒక ఊరి పేరు పెట్టుకుని, చుట్టూ అడవి ఉందని అడవిని చూసి భయపడ్డారు. పైగా 1910లో పెద్ద మంటలు వచ్చినప్పటి నుంచి ఆ దేశపు అటవీ శాఖ కనిపించిన నిప్పునల్లా ఆర్పడమే వ్రతంగా పెట్టుకుంది. మైదూ వాళ్లు ఏటా కాల్చే చిన్న మంటలు ఆగిపోయాయి. వందేళ్ల చెత్త అడవిలో పేరుకుంది. నల్లమలలో ప్రతి ఏడూ కొంచెం కొంచెంగా కాలిపోయేది అక్కడ ఒక్కసారి కాలింది.

ఇలాంటివి తర్వాత కూడా జరిగాయి. 2021 జూన్ 29న కెనడా కొండల్లోని లిటన్ అనే చిన్న ఊళ్లో 49.6 డిగ్రీలు నమోదైంది, ఆ దేశ చరిత్రలోనే ఎక్కువ. మర్నాడు సాయంత్రం ఊరు కాలిపోయింది. 2023 ఆగస్టు 8న హవాయిలో లహైనా పట్నం. అక్కడా కొండ దిగి వచ్చిన గాలే, అక్కడా చెక్క ఇళ్లే, వంద మందికి పైగా చనిపోయారు.

2020 జనాభా లెక్కల్లో పారడైజ్‌లో 4,764 మంది. పాతవాళ్లు చాలామంది కింద చికో పట్నంలోనో, వేరే రాష్ట్రంలోనో కుదురుకున్నారు. బూడిద, కరిగిన ఇనుము, విషపు మట్టి కలిపి 30 లక్షల టన్నులకు పైగా లారీల్లో ఎత్తిపోశారు. తర్వాత ఇళ్లు మళ్లీ లేస్తున్నాయి, ఒక్కొక్కటిగా. ఊళ్లో స్తంభాల మీద సైరన్లు పెట్టారు. ఫోన్లను నమ్ముకోకుండా, చెవికి వినపడేలా. కరెంటు తీగల్ని భూమిలోకి దించడం మొదలుపెట్టారు. కొత్త నిబంధన ఒకటి వచ్చింది: ఇంటి గోడ నుంచి ఐదడుగుల దాకా అంటుకునేది ఏదీ ఉండకూడదు. మొక్క కాదు, కట్టె కాదు, చెక్క కంచె కాదు. కంకర పరుచుకోవచ్చు, సిమెంటు వేసుకోవచ్చు. కొందరు గొణిగారు, గోడ వెంట గులాబీలు పెంచుకోవద్దంటే ఎట్లా అని.

ఈ మధ్య ఒక రాత్రి భోజనాల దగ్గర అమ్మకు ఈ ఐదడుగుల రూలు చెప్పాను. ఇంత పెద్ద దేశం, ఇంతమంది శాస్త్రవేత్తలు, పుస్తకాలు, చట్టం అని కాస్త గొప్పగానే చెప్పాను. ఆవిడ పెరుగన్నం కలుపుతూ విన్నది.

"కట్టెలు గోడకు ఆన్చి పెట్టుకున్నరా వాళ్లు ఇన్నేండ్లు?" అంది. "మా నాయిన గడ్డివామును ఇంటి దగ్గరికి రానిచ్చేటోడా? దొడ్డి ఆఖరుకు, అది కూడ గాలి ఎటు కొడ్తదో చూసి పెట్టేటోడు."

తర్వాత ఆవకాయ జాడీ ఇటు జరపమంది.